రెండో సీసా

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, పిల్లల మూత్రం సీసాలు మోసే ఉద్యోగంలో చేరినవాడికి నమ్మకం పోయిన విషయాలు చాలానే ఉంటాయి. దయ్యాలు ఆ జాబితాలోకి ఎప్పుడో చేరాయి.

మా పని పేరుకు పరిశోధన. ఎదగని పిల్లల పేగులు ఎలా ఉన్నాయో చూడాలి. రెండు రకాల చక్కెరలు కలిపిన నీళ్లు తాగించి, ఐదు గంటలపాటు వచ్చిన మూత్రమంతా పట్టాలి. ఒక చక్కెర మంచి పేగులోంచి సులువుగా రక్తంలోకి వెళ్తుంది. రెండోది పేగు గోడ దెబ్బతింటేనే ఎక్కువగా జారుతుంది. మూత్రంలో ఏది ఎంత ఉందో చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. ఆఫీసు జనగామలో. చిట్యాల నుంచి దంతాలపల్లి దాకా తిరిగేది నా బండి.

దంతాలపల్లి అవతల ఒక తండాలో, ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల పేర్లు రాసుకున్నాం. పరీక్ష వంతు రాకముందే పెద్దవాడు విరేచనాలతో పోయాడు. నాలుగేళ్లవాడు. వాడి నంబరు కొట్టేశాం. మిగిలింది రెండేళ్ల చెల్లెలు. ఆ పిల్లకూ తిన్నది ఒంటబట్టడం లేదు. నన్ను చూడగానే తల్లి కమిలి ఒకటే అడిగింది.

"అన్నా, దీనికి గూడ గట్లనే అయితదా?"

పరీక్ష చేస్తేగానీ చెప్పలేనన్నాను. నీళ్లు కలిపాను. కప్పు పాప నోటిదాకా వెళ్లకముందే నాయనమ్మ లాక్కుంది. పొయ్యిలోని నిప్పుల మీద ఇంత నెయ్యి వేసి, ఆ తీపి నీళ్లు పోసింది. చనిపోయినవాళ్లకు నిప్పులో భోగ్ పెట్టడం వాళ్ల ఆచారం.

"అవ్వా, అది కొలిచి తెచ్చిన మందు!"

"తీపే గదా కొడుకా. పోయిన పోరనికి పెట్టకుంట గీ పిల్ల ఎట్ల తాగుతది? నీ కొలత నువ్వు మళ్ల కొలుసుకో."

కొలుచుకున్నాను, పాపకు తాగించాను. ఫారంలో 'మొదటి మోతాదు ఒలికింది' అని రాశాను. ఎందులో ఒలికిందో రాయడానికి గడి లేదు.

ఆ ఐదు గంటలూ కుదురుగా కూర్చోలేకపోయాను. పట్టపగలు. వాకిట్లో మిర్చి ఎండుతోంది, కోళ్లు తిరుగుతున్నాయి. భయపడటానికి ఏమాత్రం అనువైన పరిస్థితి కాదు. అయినా లేవడం, ఐసు డబ్బా మూత తీయడం, చూడటం, మూయడం, మళ్లీ లేవడం. మాడిన చక్కెర వాసన ఎంతకీ పోలేదు.

"డబ్బల ఏమన్న గుడ్లు పొదగవెట్టినవా అన్నా?" అంది కమిలి.

ఎన్నిసార్లు చూసినా లోపల ఉన్నది ఒకటే సీసా. మూడింటికి దాని మీద పాప నంబరు రాసి, జనగామ తెచ్చి అప్పగించాను. ఆ రోజు ఇంకెవరికీ పరీక్ష చేయలేదు.

వారం తర్వాత జనగామ ఆఫీసు నుంచి మా పై అధికారి మేడం ఫోన్ చేసింది. ఆ తండా నుంచి రెండు సీసాలు ఎందుకు తెచ్చావని. రెండోదాని మీద చనిపోయిన పిల్లవాడి నంబరు ఉంది. వెళ్లి చూశాను. రాత నాదే. ఏడుకు నేను నడుమ పెట్టే అడ్డగీతతో సహా.

ఒకే మూత్రాన్ని రెండింట్లో పోసి ఉంటే రెండు ఫలితాలూ ఒకటే రావాలి. రాలేదు. పాప నంబరున్న సీసాలో దెబ్బతిన్న పేగు. రెండోదాంట్లో ఏ లోపమూ లేని పేగు.

అనుమానమున్న నమూనాలు పారేయడం మా నియమం. మేడం అదే చేయమంది. కానీ ఆ రెండింట్లో పాపది ఏది? బాగున్నదైతే బెంగ లేదు. దెబ్బతిన్నదైతే ఆగడానికి టైం లేదు. మర్నాడే వెళ్లి, మేడం తిట్లు తిని, మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి అవ్వ చేతిలో ముందే గుప్పెడు పంచదార పెట్టాను.

దెబ్బతిన్న పేగే. పాపను మహబూబాబాద్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. మూడు నెలలకు బరువు పెరగడం మొదలైంది.

నంబరు నేనే పొరపాటున రాశానందాం. లోపల ఉన్నది ఎవరిది? ఆ చక్కెరలు తాగకుండా మూత్రంలోకి రావు. మేడం 'సాంకేతిక లోపం' అని రాసింది. నేనూ సంతకం పెట్టాను. ఆ లోపం ఏమిటో ఇద్దరికీ తెలియదు.

కమిలికి రెండో సీసా సంగతి చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. ఆమె భయపడలేదు. పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"అంటే మావోని కడుపు ఇప్పుడు మంచిగున్నదా అన్నా?"

"రిపోర్టుల అయితే మంచిగనే ఉన్నది చెల్లె," అన్నాను.

నేను చెప్పింది నిజమో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.