బాల్వాడీ బండి ఆగిన చోటు

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకి ఈ గొడవ మొదలైంది. ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా బాల్వాడీని, అంటే చిన్నపిల్లల బడిని, పన్నెండింటికే మూసేసేవాళ్లం. పిల్లలకి ఆకలీ నిద్రా ఆ తర్వాతే వస్తాయని పైవాళ్లకి తోచలేదు కాబోలు. కొత్తగా చేరిన నేను సాయంత్రం నాలుగు దాకా నడుపుతానని పట్టుబట్టాను. "ఒక్కరోజు నడపండి, వచ్చి చూస్తాను" అన్నారు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగారు. నాకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది వ్యాపార్ విహార్ బజారు గోదాములో మిరపకాయల తొడిమలు తీసే మిరపకాయలమ్మ. "టీచరమ్మా, బుల్లోడ్ని సాయంత్రం దాకా ఉంచుకున్నావంటే నా పెద్దది బడికెల్తాది. నేదంటే ఈడ్ని కాసుకుని ఇంటికాడే కూకుంటాది" అంది.

ఆ సోమవారం అన్నాలయ్యాక చాపలు పరిచి, ఇక పడుకోవాలని గట్టిగా ఈల వేశాను. (పెద్దబడిలో డ్రిల్లు టీచరు అలాగే చేసేవారు, నా తెలివి అంతవరకే.) ఆ పిల్లల్లో సగంమంది నాన్నలు రైలు గార్డులు. ఈల వినిపిస్తే బండి కదలాలి! ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని "కూ" అంటూ గేటు దాటేశారు. ఇంజను మిరపకాయలమ్మ బుల్లోడే. పైటచెంగు ఊపుతూ "ఆగండర్రా!" అని వెంటపడ్డాను. చివరనున్న పిల్ల వెనక్కి చూసి, "పచ్చజెండా ఊపుతోంది, పోనీ, పోనీ!" అని అరిచింది. శుభమా అని నేను ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకున్నాను మరి. ఎంత ఊపితే బండి అంత వేగం! చివరికి సందులోంచి అడ్డంపడి ఎదురుగా నిలబడ్డాను. చేతిలో ఎర్రది ఏదీ లేదు. కళ్లు మూసుకుని, చీర కుచ్చిళ్లు జానెడు పైకెత్తి ఎర్ర లంగా చూపించాను. బండి ఆగింది. కళ్లు తెరిస్తే సైకిలు దిగుతూ ఇన్‌స్పెక్టరుగారు.

"ఏటిది టీచరుగారూ?"

నేను కుచ్చిళ్లు దించుకునేలోగా ఇంజనే జవాబు చెప్పింది. "రెడ్ పడ్డాది సార్. లైను క్లియరు నేదు."

"అచ్ఛా! బండి ఎక్కడికో?"

"ఇంటికాడికి. అప్పని ఎక్కించుకుని బడికాడ దింపాలి." (అక్కని అప్ప అంటాం మేము.)

ఆయన సైకిలు నడిపించుకుంటూ మా వెనకే వచ్చారు. పరుగెత్తి అలిసిన బండి చాపలమీద పడీపడగానే నిద్రపోయింది. నైట్ డ్యూటీ దిగినవాళ్లు పడుకున్న క్వార్టర్లో మాట్లాడినట్టు, ఆయన గుసగుసగా, "నాలుక్కి లేపండి. రేపు కూడా" అన్నారు. మర్నాడు మిరపకాయలమ్మ పెద్దది బడికెళ్లింది.

ఇప్పుడు మా మనవరాలి కూతుర్ని సాయంత్రం దాకా ఉంచుకునే బడి మా వీధిలోనే ఉంది. అక్కడ ఈల వేయరు, వెళ్లి కనుక్కున్నాను.

ఆ రోజు పోయినవి: చెప్పు ఒకటి, చీర ఒకటి (కుచ్చిళ్ల దగ్గర చిరిగింది), టీచరమ్మనన్న బింకం మొత్తం. మొదటి రెండూ మళ్లీ కొనుక్కున్నాను. మూడోదాని అవసరం పడలేదు.