పాత బానెట్ మీద పసుపు

నాకు మొదట్నుంచీ భయం ఎక్కువ. దుబాయ్ వెళ్లాక అది రెట్టింపైంది. ఇటలీ కార్లు అమ్మే షోరూమ్‌లో నాది పాలిష్ పని. ఆ కార్ల మీద గీత పడితే నా ఒంటి మీద పడినట్టే ఉలిక్కిపడేవాణ్ణి.

2007లో రంజాన్ పండుగ అయిన వారానికి దసరా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ కార్ల కంపెనీ చరిత్ర మీద మా షోరూమ్‌లో ప్రదర్శన పెట్టారు. గోడల నిండా ఫొటోలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రేకుల షెడ్డులో సుత్తి పట్టుకున్న మొదటి యజమాని, పందెం గెలిచిన కార్లు, గేటు ముందు సమ్మె చేస్తున్న కార్మికులు. మధ్యలో ఆ షెడ్డులో తయారైన తొలి కార్లలో ఒకటి, మీగడ రంగుది. దానికి తోడుగా ఆ ఫ్యాక్టరీలోనే జీవితమంతా పనిచేసిన ముసలి మెకానిక్ ఇటలీ నుంచి వచ్చాడు.

దసరా నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే నా పాలిష్ మిషన్‌కి బొట్టు పెట్టుకున్నాను. నేను పని నేర్చుకున్న రాజమండ్రి షెడ్డులో ఆయుధపూజ రోజున లోపలున్న ఏ బండినీ బొట్టు లేకుండా వదిలేవాళ్లం కాదు. అంత పెద్ద వయసు బండిని వదిలేయడం అపచారమనిపించింది. బానెట్ మీద మూడు వేళ్లతో తడిపసుపు రాసి దండం పెట్టాను. పావుగంట ఆగి తుడిచాను. పోలేదు.

కొత్త కార్లకు రంగు మీద ఒక గట్టి పూత ఉంటుంది, ఏది పడినా తుడిస్తే పోతుంది. ఈ కారుకు అది లేదు. రంగంతా సన్నగా పగిలి ఉంది, పసుపు ఆ పగుళ్లలోకి దిగిపోయింది. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం బుర్ర లేకపోయింది! రుద్దితే రంగు పోతుంది, రుద్దకపోతే నా ఉద్యోగం పోతుంది. వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తే ఆ ఏడాదే ఇంజనీరింగ్‌లో చేరిన నా కూతురి చదువు అక్కడితో ఆగిపోతుంది.

మా ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ మనిషి. పసుపంటే తెలియదు గానీ మరకంటే తెలుసు. పాలిష్ పని చేసే మమ్మల్ని ఆరుగురినీ వరసగా నిలబెట్టాడు.

"ఎవరు చేశారు? చెప్పకపోతే అందరికీ ఖలాస్."

పక్కనున్న జగిత్యాల అతను, సత్వాలో నా గదిలోనే ఉండేవాడు, నా చేతివంక చూసి గొణిగాడు. "సప్పుడు జెయ్యకే అన్నా. గోళ్లు పచ్చగున్నయ్, జేబుల వెట్టుకో."

జేబులో పెట్టుకునేలోపే ముసలి మెకానిక్ చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ముదీర్ వైపు తిరిగి, అది ఫ్యాక్టరీలో తనిఖీవాళ్లు పెట్టిన గుర్తు, మొదట్నుంచీ ఉన్నదే అన్నాడు. ఆ కారు గురించి ఆయన మాటకు ఎదురెవరు చెప్తారు?

మధ్యాహ్నం టీ తీసుకెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో ఎందుకలా చెప్పారని అడిగాను. ఆయనదీ నా ఇంగ్లీషే.

"మా ఫ్యాక్టరీ అమ్మేసినప్పుడు కొత్త యజమానులు నన్ను పిలిచారు. సమ్మె నడిపింది ఎవరని అడిగారు. నాకు పిల్లలున్నారు. భయపడి ఒక పేరు చెప్పాను. ఈ బానెట్‌కి రంగు వేసింది అతనే."

ఆ తర్వాత ఆయన టీ తాగలేదు. ఛీ, నేనైతే చచ్చినా చెప్పను అనుకున్నాను.

మరుసటి ఏడాది చివర్లో కార్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. అప్పటికి మా ఆరుగురిలో నన్నే పెద్దను చేశారు. ముదీర్ పిలిచి, నా ముందు కాగితం పెట్టి, పనిలోంచి తీసేయడానికి ఇద్దరి పేర్లు రాయమన్నాడు. రాయకపోతే నా పేరు తనే రాస్తానన్నాడు. నా కూతురికి ఇంకా రెండున్నరేళ్ల చదువుంది. రెండు పేర్లూ రాసిచ్చాను.

మర్నాడు పొద్దున జగిత్యాల అతను నా మంచం పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నా పేరున్నదట. ముదీర్ నీ మాట ఇంటడు. జర చెప్పరాదే."

చెప్తానన్నాను.