హరోహర ఆపమన్న మామ

మా అమ్మ తమ్ముడు, మా మామ, పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను తిరువళ్ళూరులో ఆఫీసులో ఉన్నాను. ఛాతీలో నొప్పి వస్తుంటే గ్యాసేలే అనుకుని సోడా తాగుతూ గడిపాడట. లోపలి నుంచి వచ్చే శబ్దాన్ని ఊరికే అణచకూడదని మాకు నేర్పింది ఆయనే. తన గుండె విషయంలో మటుకు ఎందుకు వినలేదో నాకు తెలియదు.

మామ తిరుత్తణి స్టేషన్ నుంచి కొండ మీదికి భక్తులను వ్యానులో తీసుకెళ్ళేవాడు. పిరికివాడని ముఖం మీదే అనేవాళ్ళు. ఆయన ఒప్పుకునేవాడు. కొండ మలుపు రాగానే వ్యానులో పాటలు ఆపేసి, వెనక్కి తిరిగి బతిమాలేవాడు.

"సామీ, ఒక్క నిమిషం హరోహర ఆపండి. బండి ఏమంటాందో వినాల."

"మురుగన్ కొండకొచ్చి హరోహర అనొద్దంటావా? నువ్వేం డ్రైవరువయ్యా!"

"మలుపు దాటినాక నేనూ అంటా సామీ, మీకన్నా గట్టిగా."

అనేవాడు కూడా.

ఆ భయం ఊరికే రాలేదు. నేను బడిలో చదివే రోజుల్లో ఆయన వేరేవాళ్ళ వ్యాను నడిపేవాడు. ఇంజన్ టకటకమంటుంటే ఓనరు ఆయిల్లో కలిపే మందేదో పోయించాడు. ప్రకటనలో చెప్పినట్టే శబ్దం పోయింది. అందరం సంతోషించాం. కొన్నాళ్ళకు కొండ ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోయింది. నేను మామ పక్క సీట్లో ఉన్నాను. వ్యాను లోయ వైపు వెనక్కి జారింది. ఇంజన్ ఆగేసరికి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోతే, మామ సీట్లోంచి లేచి దాని మీద నిలబడ్డాడు. వెనక ఆడవాళ్ళ కేకలు. ఎవరో దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఆ లోయ అంచు ఇప్పటికీ నా కలలోకి వస్తుంది.

"మందు వల్లే ఆగిందని నేను చెప్పలేను పాపా," అన్నాడు తర్వాత. "ఇంజన్ అరస్తానే ఉండె. మనమే నోరు మూసినాం."

సొంత వ్యాను కొన్నాక, ఒక ఆయుధపూజకు అమ్మకాల మనిషి అలాంటి డబ్బానే ఊరికే ఇచ్చిపోయాడు. అమ్మ దాన్నీ నిమ్మకాయల పక్కన పెట్టి కుంకుమ బొట్టు పెట్టేసింది. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను కాబట్టి, డబ్బా మీద రాసింది నన్నే చదవమన్నారు. ఇంజన్ ఆయుష్షు రెండింతలు, పొగ రాదు, మైలేజీ పెరుగుతుంది.

"ఎవురు పోసి చూసినారంట? అది రాసిండారా?" అన్నాడు మామ.

లేదు. అడుగున చీమలంత అక్షరాల్లో, ఫలితం బండిని బట్టి మారవచ్చని ఉంది. మామ నవ్వాడు.

"సెరిపో. బాగైతే వాళ్ళ మందు గొప్ప, చెడితే మన బండి తప్పు."

బొట్టు పెట్టినదాన్ని పారేయడానికి అమ్మకు భయం. పోయడానికి మామకు భయం. డబ్బా షెడ్డు గూట్లోనే ఉండిపోయింది.

మామ కర్మలు ముగిసిన సాయంత్రం నాన్న ఆ డబ్బాను బయటికి తీశాడు. ఇక ఆ వ్యాను నాన్నే నడపాలి. మర్నాడే కొండకు కిరాయి ఒప్పుకున్నాడు. ఇంజన్‌లో కొత్తగా ఏదో కొట్టుకుంటోంది.

"మెకానిక్కుకు చూపిద్దాం నాన్నా. ఇది వద్దు."

"పూజ చేసిన డబ్బామ్మా, ఏమైతాది? నువ్వూ మీ మామ మాదిరే పిరికిదానివి."

"అవును, భయంగానే ఉండాది. ఒకతూరి స్టార్ట్ చెయ్ నాన్నా, విందాం."

విసుక్కుంటూనే తాళం తిప్పాడు. వాకిట్లో చుట్టాల మాటలు, మామ భార్య ఏడుపు. నేను వెనక్కి తిరిగి బతిమాలాను.

"అత్తా, అందురూ ఒక్క నిమిషం..."

వాకిలి నిశ్శబ్దమైంది. టక్. టక్. టక్. నాన్న ముఖంలో రంగు పోయింది. ఇంజన్ ఆపి, డబ్బాను ఉన్న చోటే పెట్టేశాడు.

"రేపు రాలేమని చెప్పేస్తాలే," అన్నాడు మెల్లగా.

ఇంజన్ ఆగినా అందరూ ఇంకా వ్యాను వైపే చెవులు పెట్టి ఉన్నారు. అత్త లేచి వచ్చి, బిడ్డకు జ్వరం చూసినట్టు, బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.