జేజి తోమిన పతకం

మొన్న ఉగాదికి ముందురోజు ఇత్తడి చెంబులు తోముతుంటే, చింతపండు పులుపు వాసన ముక్కుకు తగిలి, కుందుర్పి పక్క మా పల్లెలో జేజి దగ్గర గొంతుక్కూర్చున్న నా ఎనిమిదేళ్ల వయసు గుర్తొచ్చింది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. పండగొచ్చిందంటే ఆమె చేతికి చిక్కిన లోహం బతికి బట్టకట్టేది కాదు. దీపపు సెమ్మెలు, గంట, హారతి పళ్లెం, అన్నిటినీ చింతపండూ ఇటుకపొడీ కలిపి కొబ్బరిపీచుతో అరిగేలా రుద్దేది. దేవుడి గూట్లో ఉండే మా తాత, జేజినాయన పతకానికీ అదే స్నానం, ఆపైన పసుపూ కుంకుమా. ఓళిగలకని, అదే బొబ్బట్లకని, బెల్లం పూర్ణం ఉడికే వాసనకు మేం అచ్చనగాళ్లాట వదిలేసి గడప దగ్గర మూగితే, "దేవునికి పెట్టకముందే యాడికి వస్తాండారే" అని అదిలించేది.

జేజినాయన చిన్నవయసులో, రెండో ప్రపంచ యుద్ధం కాలంలో, వంతెనలు కట్టే దళంలో చేరి ఇటలీ దాకా పోయాడు. అవతలి గట్టు నుంచి తుపాకులు పేలుతుంటే ఏరు ఈది మోకు కట్టి వచ్చినందుకు తెల్లదొరలు ఆ వెండి పతకం ఇచ్చారు. నీళ్లున్న ఏరు చూడాలంటే మావాళ్లు ఇటలీకి పోవాల్సిందేనని ఊళ్లో ఎగతాళి. ఆయన మాత్రం ఆ సంగతే ఎత్తడు. పగలంతా చెనిక్కాయ చేలో కలుపు తీసి, సాయంత్రం సంగటీ ఊరుమిండి పచ్చడీ తిని, అరుగు మీద బీడీ ముట్టించి మబ్బుల కోసం చూసేవాడు.

ఆ ఏడు పంద్రాగస్టుకు మా బడికి రిటైరైన మిలిటరీ ఆఫీసరొకాయన వచ్చాడు. నేను గొప్పగా పతకం పట్టుకుపోయి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "అంచు మీద సిపాయి పేరు చెక్కి ఉండాలే, ఏదమ్మా?" అన్నాడు. అంచు గాజులా నున్నగా ఉంది. వెనకనుంచి ఎవడో "సంతలో కొనింటారు సార్" అన్నాడు. అంతా నవ్వారు. మా జేజినాయన అబద్ధాలకోరు అయిపోయాడే అని ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను.

నేను చెప్పింది విని జేజి పతకం అందుకుని అంచు తడిమి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఆ గీతల్లో మురికి నిలుస్తాదని ఆడనే గట్టిగా రుద్దితి. నీ పేరు నేనే చెరిపేస్తినా?"

జేజినాయన బీడీ ఆర్పాడు. "నాకు తెలుసులే. ఏటికేడు అరిగిపోతాంటే చూస్తానే ఉంటి."

"చూస్తా ఊరకుంటివా?"

"ఆ పొద్దు మోకు పట్టుకొని ఏట్లో దిగింది ముగ్గురం. ఇద్దరు ఆడనే పోయిరి. పేరు నాదొక్కటే చెక్కినారు. అది నాకు బాగలేకుండె. ఇప్పుడు సరిపాయ."

నా ఏడుపు ఆగిపోయింది, మా జేజినాయన మీద నాకు అంత గర్వం అంతకుముందెప్పుడూ కలగలేదు. మరుసటి ఉగాదికి జేజి ఎప్పటిలాగే పతకం తోమి, దాని ముందు మూడు ఓళిగలు పెట్టింది.

జేజీ జేజినాయనా పోయి చాలా ఏళ్లయింది. చేను బీడుపడింది, అరుగు రోడ్డులో కలిసిపోయింది. ఏట్లో పోయిన ఆ ఇద్దరి పేర్లేమిటో నేను అడగనే లేదు, ఇప్పుడు చెప్పేవాళ్లూ లేరు. అయినా ఏటా పతకం ముందు మూడు ఓళిగలు పెడతాను. పూజ కాగానే మా పిల్లలు వాటిలో ఒక్కటీ మిగల్చరు.