మూత పెట్టిన ఖాళీ డబ్బా

మా డబ్బాల సార్ పోయారని మొన్న ఆత్మకూరు బస్టాండులో ఒక కానిస్టేబుల్ చెప్పాడు. ఉదయగిరి బస్సు ఎక్కబోతున్నదాన్ని, ఆ బస్సు వదిలేసి బెంచీ మీద కూర్చున్నాను. ఈ కబురు మా నాయనకు ఎలా చెప్పాలి?

సార్ పోలీసు శాఖలో పనిచేసేవారు. ఎక్కడైనా నిప్పంటుకుంటే వెళ్లి, బూడిదను కొత్త రేకు డబ్బాల్లోకి ఎత్తి, మూత బిగించి ల్యాబుకు పంపడం ఆయన పని. మామూలు కవరులో వేస్తే వాసన ఎగిరిపోతుంది, వాడిన డబ్బాలో వేస్తే పాత వాసన అంటుకుంటుంది. అందుకని ఆ డబ్బాల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కాదు.

"ఇవి మడి డబ్బాలు. తాకబాకండి."

"చర్చికి పోయే మీకు మడేంది సార్?" అని కానిస్టేబుళ్లు ఆటపట్టించేవాళ్లు.

"నాకు కాదురా, బూడిదకి!"

మా ఊళ్లో దాయాదుల గొర్రెల దొడ్డి తగలబడినప్పుడు ఆయనను మొదటిసారి చూశాను. మాతో పొలం గట్టు తగాదా ఉండటంతో, కిరసనాయిలు పోసి అంటించాడని మా నాయన మీద కేసు పెట్టారు. సార్ వచ్చి బూడిద ఎత్తుకున్నారు. తన అలవాటు ప్రకారం, ఏమీ వేయని ఇంకో కొత్త డబ్బాకు కూడా మూత బిగించారు.

"అందులో ఏముండాది సార్?" అంది మా అమ్మ, ఏడుస్తూనే.

"ఏమీ లేదమ్మా. మా డబ్బాల్లో ముందే ఏమీ లేదని చెప్పడానికే దీన్ని పంపేది."

బూడిదలో కిరసనాయిలు ఉందని ల్యాబు చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. తీరా చూస్తే, ఖాళీ డబ్బాలోనూ కిరసనాయిలే ఉందట! సీలు వేసే లక్క కరిగించడానికి స్టేషనులో బుడ్డి దీపంలో కిరసనాయిలు పోసి, ఆ చేతులతోనే ఎవరో రెండు మూతలూ తీసి చూశారు. సార్ ఆరా తీసి, ఆ సంగతి కోర్టులో తానే చెప్పారు.

"ఈ బూడిదను నమ్మి మనిషిని జైలుకు పంపొద్దండి. మైల మా చేతులది."

ఆ తర్వాత స్టేషనులో చాలామంది ఆయనతో మాట్లాడటం మానేశారు. నాయన మాత్రం ఇంటికొచ్చాడు. ఆ మనిషి లేకపోతే మా ఇల్లు ఏమయ్యేదో!

నాయన నెయ్యి పట్టుకెళితే సార్ పుచ్చుకోలేదు. పైగా ఒక కొత్త డబ్బా చేతిలో పెట్టి, "ఇంట్లో వాడుకో పెద్దాయనా" అన్నారు. ఉప్పు పోసుకుంటానని అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయన దాన్ని ఇవ్వలేదు.

నాయనకు కబురు చెప్పాను. అటక మీది డబ్బా దించి, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ వాసనా లేదు పాపా" అన్నాడు. "ఆయన ఇచ్చినట్టే ఉండాది."

అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్లు అందులో పడతాయని గబగబా మూత బిగించాడు.