యోనెకో గారు రోజూ అడిగే మాట

భర్త రాజ్ కుమార్ పోయిన నాలుగో రోజున కెజియా డ్యూటీకి వెళ్ళింది.

అతను మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. రాత్రంతా వాన కురిసిన ఒక తెల్లవారుజామున, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ ఆగిపోయిందని వెళ్ళి తడిచేత్తో స్విచ్చి వేశాడు. అంతే. ఆదరణ కూడికలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ ఏడ్చారు. కెజియా మాత్రం వచ్చినవాళ్ళకి కుర్చీలు సరిపోయాయో లేదో చూసింది. ఏలూరు ఆసుపత్రిలో తోటి నర్సులు ఆమెది గుండె నిబ్బరమన్నారు. నిబ్బరమేమీ కాదు. మత్తు సూది వేసిన చోట గిల్లితే ఎలా ఉంటుందో, ఆమెకి అన్నీ అలా ఉండేవి.

తొమ్మిది నెలల తర్వాత, అదే వార్డులో పనిచేసే జ్యోత్స్న జపాన్‌లో వృద్ధుల్ని చూసుకునే ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, "నువ్వూ పెట్టకూడదా?" అంది. కెజియా పెట్టింది. జ్యోత్స్న మధ్యలో మానుకుంది. కెజియా మానలేదు, మానడానికి కారణమేమీ కనిపించక.

తాడేపల్లిగూడెంలో టీచరుగా చేస్తున్న చెల్లెలు నిస్సీ ఊరుకోలేదు.

"అంత దూరం ఎందుకే అక్కా? గూడెంలో నా దగ్గర ఉండొచ్చు కదా."

"ఎక్కడైనా ఒకటేనే నాకు."

"ఒకటే అయితే ఇక్కడే ఉండు."

కెజియా సూట్‌కేసు తాళం సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంది.

ఏలూరులో ఆరు నెలలు నేర్చుకున్న జపనీసు జపాన్‌లో దిగిన మొదటి రోజే చేతులెత్తేసింది. పుస్తకంలో మనుషులు ఆగి ఆగి మాట్లాడతారు. వృద్ధాశ్రమంలో వాళ్ళు పళ్ళు లేని నోళ్ళతో, తమ పల్లె యాసలో గబగబా మాట్లాడేవారు. కెజియా విన్న మాటల్ని తెలుగు అక్షరాల్లో చీటీల మీద రాసుకుని జేబులో పెట్టుకు తిరిగేది. క్రియ చివర్లో రావడం మనలాగే. పేరు పక్కన "గారు" తగిలించినట్టు "సాన్" తగిలించడమూ మనలాగే. అర్థాలే జారిపోయేవి. "కెక్కో దెస్" అంటే "బాగుంది" అనుకుని ఒక పెద్దాయనకి మూడు రోజులపాటు సూపు మారు వడ్డించింది. "ఇక చాలు, వద్దు" అని అర్థమట. ఆయన కాదనలేక మూడు రోజులూ తాగారు. తోటివాళ్ళు పడీపడీ నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారని కెజియా కూడా నవ్వింది.

శనివారాలు ఊరి లైబ్రరీలో సాతో గారనే రిటైరైన టీచరమ్మ విదేశాలవాళ్ళకి ఉచితంగా పాఠం చెప్పేవారు. ఆ వారం పాఠం "ఉండటం". ప్రాణం ఉన్నవాటికి "ఇమాసు". లేనివాటికి "అరిమాసు".

"నీళ్ళలో చేప?" అని అడిగారు సాతో గారు.

"ఇమాసు."

"కొట్లో బల్ల మీద చేప?"

"అరిమాసు."

"బాగుంది. ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పండి."

కెజియా పుస్తకంలో కొత్త పేజీ తీసింది. "చనిపోయిన మనిషికి ఏది వాడాలండి?" అంది. వేరే ఉద్దేశమేమీ లేదు, వ్యాకరణం తెలియక అడిగింది.

ఎవరని ఆవిడ అడిగారు. భర్త అని చెప్పింది. సాతో గారు బోర్డు వైపు తిరిగి, రెండు పాఠాల తర్వాత రావలసిన భూతకాలాన్ని అప్పుడే రాసేశారు. "ఒత్తో గా ఇమాషిత." నాకు భర్త ఉండేవారు. పోయినా మనిషి "అరిమాసు" కాడని నెమ్మదిగా చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కెజియా ఆ వాక్యం తెలుగులో రాసుకుని, రెండుసార్లు చదివి, "ష" సరిగ్గా పలుకుతున్నానా అని అడిగింది.

తెలుగులో రెండేళ్ళు కావస్తున్నా ఎవరితోనూ అనని మాటని జపనీసులో తేలిగ్గా అనేసేది. కొత్తగా పరిచయమైన ప్రతివారికీ పాఠంలా అప్పజెప్పేది. యోనెకో గారికైతే రోజూ. ఆశ్రమంలో ఉండే తొంభై ఒక్క ఏళ్ళ ఆవిడకి నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. పొద్దున్నే జుట్టు దువ్వుతుంటే, "నీకు పెళ్ళయిందా అమ్మాయీ?" అని అడిగేవారు. కెజియా తన వాక్యం చెప్పేది. ఆవిడ ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఉలిక్కిపడేవారు. చెయ్యి పట్టుకుని, "అయ్యో, ఇంత చిన్నపిల్లవి" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. కెజియా ఆ చెయ్యి వదిలేదాకా ఆగి, మళ్ళీ దువ్వేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, బయట మంచు కిటికీ సగందాకా పేరుకున్నప్పుడు, యోనెకో గారు ఇంకో మాట అడిగారు.

"ఎలాంటివాడు?"

"యసాషీ," అంది కెజియా. నెమ్మదైన మనిషి. "పొడుగు," అంది. తర్వాత ఆమెకి వచ్చిన మాటలు అయిపోయాయి. ఆవిడ ఇంకా ముఖంలోకే చూస్తున్నారు.

"ఇంటికొస్తే ఒళ్ళంతా చేపల మేత వాసనండి," అంది కెజియా తెలుగులో. "స్నానం చేసి రండంటే, ముందు అన్నం పెట్టమనేవారు. చేపలు మాత్రం ముట్టేవారు కాదు, రోజంతా వాటి మధ్యే కదండీ. పప్పూ ఆవకాయా ఉంటే చాలు. గేటు దగ్గరకొచ్చి హారను రెండుసార్లు కొట్టేవారు. పక్కింటివాళ్ళు తిడతారండీ అన్నా వినేవారు కాదు."

యోనెకో గారు "సో, సో" అని తల ఊపుతూ విన్నారు. పెళ్ళిచూపులకి అత్తిలి వచ్చి చొక్కా మీద టీ ఒలకబోసుకున్నది, కొంగల్ని తోలడానికి చెరువు గట్టు మీద డబ్బా వాయించేది, అన్నీ చెప్పింది కెజియా. ఎవరి సంగతో చెప్పినట్టే చెప్పింది. జుట్టు ముడి వేయడం మాత్రం ఆలస్యమైంది.

ఆ ఆదివారం నిస్సీ ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావే అక్కా? ఒక్కసారన్నా ఏడుపొచ్చిందా?"

"లేదే. ఆయన గురించి మాత్రం చెప్పాను, ఇక్కడొకావిడకి."

"జపనీసులోనా?"

"మన భాషలోనే."

"నాకెప్పుడూ చెప్పలేదు," అంది నిస్సీ.

కెజియా గడియారం చూసింది. డ్యూటీకి ఇంకా ఇరవై నిమిషాలుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, "ముందు ఏం చెప్పనే?" అంది.