సుంకన్న ఇంజన్ ఆపిన మలుపు

కారు తాళం తండ్రి చేతిలో పెట్టే ముందు మల్లిక ఒక షరతు పెట్టింది. ఆదివారం పొద్దున అమ్మను కూడా ఎక్కించుకుని పెనుకొండ కొండమీది నరసింహస్వామి దగ్గరికి పోయి రావాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తను పక్కన కూర్చుని చూస్తుంది. తనకు ధైర్యం కుదిరితే సోమవారం నుంచి తననూ, తనతో పనిచేసే ముగ్గురు ఆడవాళ్ళనూ హిందూపురం నుంచి ఎర్రమంచి కియా ఫ్యాక్టరీకి తీసుకుపోయి తీసుకురావడం ఆయన పని. కుదరకపోతే ఆ పని ఇంకో డ్రైవరుకు ఇస్తుంది.

"నాకు పరీచ్చ పెడ్తాండావా పాపా?" అన్నాడు సుంకన్న. "ఇరవై ఏడేండ్లు బండి తోలినోన్ని."

"తోలింది జీపు నాయనా. ఇది జీపు కాదు."

"నాలుగు చక్రాలే కదా దీనికీ ఉండేది!"

మల్లిక తాళం ఇచ్చింది.

మా వీధిలో ఆయన్ను ఇప్పటికీ జీపు సుంకన్న అనే అంటారు. ఆమడగూరు దగ్గరి మెట్టపల్లెలో పుట్టి, వానలు లేని ఒక ఏడు హిందూపురం వచ్చి సైకిల్ షాపులో చేరాడు. చక్రాలకు పుల్లలు బిగించడం బాగా వచ్చాక జీపు స్టాండులో క్లీనరయ్యాడు, ఆ తర్వాత డ్రైవరయ్యాడు. హిందూపురం నుంచి పెనుకొండకు షేర్ జీపు. లోపల పదకొండు మంది, వెనక వేలాడుతూ ముగ్గురు.

స్టాండులో ఆయనకు పేరు తెచ్చింది ఒక్క విద్య. దిగుడు కనిపించగానే గేరు తీసి న్యూట్రల్ చేసేవాడు. ఇంజన్ ఆపేసేవాడు. తాళం ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు, పక్కన ఇరుక్కుని కూర్చున్నవాళ్ళ మోకాలు తగలకుండా. జీపు తన బరువుకు తానే జారిపోతూ ఉంటే, మనుషుల మాటలు తప్ప ఏ చప్పుడూ ఉండేది కాదు. దిగుడు అయిపోయాక తాళం పెట్టి మళ్ళీ స్టార్ట్ చేసేవాడు. "డీజిలేమన్నా బాయి నీళ్ళాప్పా, పారబోసేదానికి?" అనేవాడు. జీపు ఓనరు మిగతా డ్రైవర్లకు ఆయన్నే చూపించి బుద్ధి చెప్పేవాడు. ఇరవై ఏడేళ్ళలో ఒక్క మనిషికి గీత పడలేదు.

తర్వాత ఆటోలొచ్చాయి, బస్సులు పెరిగాయి. జీపు తుక్కు కింద పోయింది. సుంకన్న మాత్రం మూడేళ్ళపాటు రోజూ పొద్దున తల దువ్వుకుని స్టాండుకు పోతూనే ఉన్నాడు. మొదట్లో టీ ముందు ఆయనకే ఇచ్చేవాళ్ళు. పోనుపోను ఆయన చెప్పేది అందరూ వినడం మానేశారు. స్టాండు నిండా కొత్త కార్లు, కొత్త మాటలు. తన కారులో పక్కింటి గొర్రెపొట్టేలును వెనక సీట్లో కూర్చోబెట్టి సంతకు తీసుకుపోయిన సంగతి డ్రైవరు జయరాముడు చెప్పేవాడు. వేరుశనగ మూటల పక్కన కారు నిలిపితే ఎలుకలు కాయలు తిని, తర్వాత వైర్లు కూడా తిన్నాయని ఎర్రప్ప ఏడ్చేవాడు. "కాయలు నీవి, ఎలుకలు నీవి, మధ్యలో కారు చేసిన తప్పేందిరా?" అని తక్కినవాళ్ళు నవ్వేవాళ్ళు. సుంకన్నకు చెప్పడానికి కారు లేదు.

అందుకే మల్లిక పాత కారు కొన్ననాడు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని ఆయన భార్య నాగరత్నమ్మ చెప్పింది. అది కూతురి కంపెనీదే, డీజిల్ సెల్టోస్. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి నాలుగేళ్ళు వాడి అమ్మాడు. చీరల మూటలకు మరక పడుతుందని సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు నాలుగేళ్ళూ తీయలేదట. ఎండలో కూర్చుంటే వీపు కాలేది. అయినా నాగరత్నమ్మ వాటిని తీయనివ్వలేదు.

ఆదివారం ఎనిమిది గంటలకు బయలుదేరారు. సోమందేపల్లి దాటేదాకా సుంకన్న చూపు రోడ్డు మీదే ఉంది. ఫస్టు గేరు పడేటప్పుడు ఒకసారి కారు ఎగిరింది. తర్వాత ఆయన చేతికి అలవాటయింది. మల్లిక కాళ్ళు దగ్గరికి ముడుచుకుని ముందుకు చూస్తూ ఉంది.

"మీ కంపెనీవోళ్ళు మొదట్నించీ కార్లేనా చేసేది?" అన్నాడు, ఆమె భయం పోగొట్టాలని.

"కాదు నాయనా. శిక్షణలో చెప్పినారు. మొదట వాళ్ళు చేసింది సైకిల్ సామాన్లు."

సుంకన్న తల తిప్పాడు. "సైకిలా?"

"ముందు చూడు నాయనా! ... అవును, సైకిలే. 1944లో కొరియాలో పెట్టినారు. గొట్టాలు, సైకిల్ భాగాలు చేతుల్తోనే చేసేవాళ్ళంట. తర్వాత పూర్తి సైకిలు, ఆ తర్వాత మూడు చక్రాల లారీ. డెబ్భై నాలుగులో కారు. తొంభై ఏడులో అప్పులు మీదపడి దివాలా తీసింది కంపెనీ. ఇంకో కొరియా కంపెనీ వచ్చి పట్టుకుంది. మన ఎర్రమంచిలో 2019లో మొదలుపెట్టినారు."

"అయితే వాళ్ళూ నా మాదిరే సైకిల్ షాపోళ్ళే!" అని సుంకన్న స్టీరింగు మీద చెయ్యి చరిచాడు. "చూస్తివా నాగరత్నా, కియా, నేను ఒకే బడి!"

"వాళ్ళు పైకి పోయినారు, నువ్వు స్టాండుకు పోతాండావు," అంది వెనకనుంచి నాగరత్నమ్మ.

కొండ ఎక్కడం బాగానే జరిగింది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. దారి సన్నం, మలుపులు దగ్గర దగ్గర. సుంకన్న ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టి, గేరు దించి, ఎదుటి బండికి దారిచ్చి మరీ ఎక్కించాడు. పైన దిగినాక మల్లిక ముఖంలో బిగువు తగ్గింది. దర్శనం చేసుకుని, తెచ్చుకున్న చిత్రాన్నం నీడలో కూర్చుని సగం తిని, మిగతాది డబ్బాలో పెట్టుకుని బయలుదేరారు.

మొదటి దిగుడులో నాగరత్నమ్మ ప్రసాదం పొట్లం పడిపోయిందని అంటే మల్లిక వెనక్కి వంగి వెతకసాగింది. ఆ క్షణంలో సుంకన్న చెయ్యి, ఆయనకే తెలియకుండా, పాత పని చేసింది. గేరు న్యూట్రల్‌లోకి వచ్చింది. తాళం ఒక మెట్టు వెనక్కి తిరిగింది.

ఏసీ చల్లగాలి ఆగిపోవడం మల్లికకు మొదట తెలిసింది. తర్వాత చప్పుడు లేకపోవడం. చక్రాల కింద కంకర నలిగే శబ్దం మాత్రం వినిపిస్తోంది.

"నాయనా, ఇంజన్ ఆగింది!"

"ఆగల్యా, ఆపినా," అన్నాడు సుంకన్న, నవ్వుతూ. "చూడు ఎట్ల జారుతాందో, వెన్న మాదిరి."

మొదటి మలుపులో బ్రేకు తొక్కాడు. పడింది. రెండో మలుపులో తొక్కాడు. పడింది కానీ కాలికింద ఏదో గట్టిగా తగిలినట్టయింది. స్టీరింగు బరువెక్కింది. రెండు చేతులతో లాగితేగానీ తిరగలేదు.

మూడో మలుపు ముందు బ్రేకు రాయి అయింది.

ఆయన మళ్ళీ తొక్కాడు. పెడల్ కదల్లేదు. రెండో కాలు కూడా ఎత్తి పెట్టి సీట్లోనుంచి పైకి లేచి తొక్కాడు. కారు నెమ్మదించీ నెమ్మదించనట్టు ఉంది. ముందర మలుపు, మలుపు చివర తెల్లసున్నం కొట్టిన చిన్న రాళ్ళ వరుస, దాని అవతల ఆకాశం.

"స్టార్ట్ చెయ్ నాయనా!"

సుంకన్న కుడిచెయ్యి తాళం మీదికి పోయింది. కానీ తిప్పడానికి పోలేదు. తాళాన్ని ఊడదీయబోయింది. ఇంజన్ ఆగితే తాళం జేబులో ఉండాలి. ఆ చేతికి ఇరవై ఏడేళ్ళుగా తెలిసింది అదే.

"తాళం తియ్యొద్దు! స్టీరింగు బిగుసుకుంటాది! తియ్యొద్దు నాయనా!"

మల్లిక అంత గట్టిగా అరవడం ఆయన ఎప్పుడూ వినలేదు. చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. మల్లిక మధ్యలో ఉన్న హ్యాండ్ బ్రేకును రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా లాగసాగింది. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి కారు అడ్డం తిరుగుతుందని ఆమెకు తెలుసు. వెనకనుంచి కీచుమని శబ్దం వచ్చింది. నాగరత్నమ్మ "యోవ్... యోవ్..." అంటూ ముందు సీటును కావలించుకుంది.

"ముందుకి తిప్పు! తాళం ముందుకి!"

తిప్పాడు. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు.

"స్టార్ట్ కాల్యా పాపా!"

"క్లచ్చి తొక్కల్ల! క్లచ్చి తొక్కితేనే అయితాది. ఎడమ కాలు ఎత్తు!"

ఎడమ కాలు ఎత్తాలంటే బ్రేకు మీదినుంచి తీయాలి. సుంకన్నకు ఆ కాలు తీయడం కొండమీదినుంచి దూకడంలా అనిపించింది. తెల్లరాళ్ళు దగ్గరికొచ్చాయి. ఒక రాయి మీద ఎవరో రంగుతో రాసిన పేరు చదవగలిగేంత దగ్గరికొచ్చాయి.

కాలు తీశాడు. క్లచ్చి తొక్కాడు. తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది. బ్రేకు కాలికింద మెత్తబడి లోపలికి దిగింది. కారు ఒక్క కుదుపుతో ఆగింది. ముందు చక్రానికీ రాయికీ మధ్య జానెడు.

డబ్బా మూత ఊడి చిత్రాన్నం నాగరత్నమ్మ ఒళ్ళోనుంచి ప్లాస్టిక్ కవరు మీదికి, అక్కడినుంచి కిందికి జారింది. ఆమె తలుపు తీసుకుని దిగింది. కొంగు నడుముకు చుట్టుకుంది.

"అమ్మా, యాడికి?"

"నడిచి పోతా. నాయనా కూతుర్లు మీరు ఆడుకోండి, మీ కంపెనీ బండితో."

సుంకన్న చేతులు స్టీరింగు మీదినుంచి రాలేదు. "ఇరవై ఏడేండ్లు ఇట్లనే దిగినా పాపా," అన్నాడు.

"జీపుకి నీ కాలి బలంతో బ్రేకు పడేది నాయనా. దీనికి కాలికి తోడు ఇంజన్ బలమిస్తాది. ఇంజన్ ఆపితే రెండు మూడు తొక్కులకు ఉండే బలమంతా అయిపోతాది. తర్వాత నువ్వు ఎంత తొక్కినా అంతే." ఆమె హ్యాండ్ బ్రేకును పూర్తిగా పైకి లాగింది. "ఫ్యాక్టరీలో నేను చేసేది బ్రేకులు చూసే పనే. ప్రతి బండినీ రోలర్ల మీద ఎక్కించి, తొక్కి, పడిందా లేదా అని చూసి పంపిస్తాం. ఇట్ల ఆపి దిగేవోళ్ళు ఉంటారని నాకు తట్టలేదు. మా ఇంట్లోనే ఉండాడు."

"ముందే చెప్పింటే..."

"చెప్తే వినేవోనివా?"

నాగరత్నమ్మ అప్పటికే తర్వాతి మలుపు దాకా పోయింది. ఎంత పిలిచినా ఎక్కలేదు. సుంకన్న ఇంజన్ ఆపకుండా, ఫస్టు గేరులో, ఆమె నడక వేగానికి ఆమె వెనకే కొండ దిగాడు. వెనక రెండు బండ్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మల్లిక పరీక్ష సంగతి ఎత్తలేదు. సాయంత్రం కారు కడుగుతున్న తండ్రి దగ్గరికి పోయి నిలబడింది.

"నాయనా, రేపటికి వాళ్ళకు నేనేం చెప్పల్ల?"

సుంకన్న గుడ్డ పిండాడు. "నువ్వేం చెప్పాకు. నేనే చెప్తా."

సోమవారం పొద్దున ఆరున్నరకు ముగ్గురూ వీధి మొదట్లో నిలబడి ఉన్నారు. మరియమ్మకు నలభై దాటాయి, క్యాంటీన్‌లో పని. గంగాదేవి, రాణి మల్లిక ఈడువాళ్ళు. సుంకన్న కారు ఆపి దిగాడు. తాళం మల్లిక చేతిలో పెట్టాడు. నిన్న కొండమీద తను ఏం చేసిందీ, బ్రేకు ఎందుకు పడనిదీ, తాళం ఊడదీయబోయిన సంగతీ దాచకుండా చెప్పాడు. చివర "ఎక్కేది, ఎక్కనిది మీ ఇష్టం తల్లీ," అన్నాడు.

మరియమ్మ వంగి కారు లోపలికి చూసింది.

"ఏమన్నా, ఇంజన్ ఆపేది ఉంటే ఇప్పుడే చెప్పు," అంది మరియమ్మ. "ప్రార్థన చేసుకుని ఎక్కుతా."

గంగాదేవి నవ్వింది. రాణి నవ్వలేదు.

"నేను రాను మల్లికా. మా అమ్మకు నేనొక్కదాన్నే," అని బస్టాండు వైపు తిరిగింది.

"పో తల్లీ. నీది తప్పు ల్యా," అన్నాడు సుంకన్న. మల్లిక వైపు చూడలేదు.

మల్లిక గుప్పిట్లోని తాళాన్ని కాసేపు చూసింది. ముందు తలుపు తీసి ఆయన పక్క సీట్లో కూర్చుని, తాళం ఆయన వైపు చాచింది.

"నడువు నాయనా. ఎనిమిదింటికి షిఫ్టు."

సోమందేపల్లి ముందర ఒక దిగుడుంది. అక్కడికి వచ్చేసరికి మరియమ్మ రెండు సీట్ల మధ్యలోంచి మెడ చాచి ఆయన కుడిచేతినే చూస్తోంది. సుంకన్న గేరు ఒకటి దించాడు. ఇంజన్ గుర్రుమంటూ కారును పట్టి ఆపుకుంటూ దిగింది. దిగుడు అయ్యాక ఆయన అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"హమ్మయ్య, డీజిలు కాలినా మనుషులం మిగిలినాం," అంది మరియమ్మ వెనక్కి వాలుతూ.

ఎర్రమంచి గేటు దగ్గర మల్లిక, మరియమ్మ, గంగాదేవి దిగి లోపలికి పోయారు. సుంకన్న వెంటనే హిందూపురం తిరిగి పోలేదు. కారును పక్కకు తీసి, హిందూపురం బస్సు వచ్చి రాణి దిగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆమె చూసింది. లోపలికి పోయింది. అప్పుడు కారెక్కి, ఎడమ కాలితో క్లచ్చి తొక్కి, తాళం తిప్పాడు.